'వాళ్లు మాట్లాడతారు': ఫ్రెంచిలో ఈ క్రియకు సిలబుల్స్ ఎన్ని?

మూడోబెంచీ:
మా తమ్ముడు ఇంటర్‌లో ఫ్రెంచి రెండో భాషగా తీసుకున్నాడు. 'పార్లే' అంటే మాట్లాడటం. దాని బహువచన రూపం 'ఇల్ పార్ల్'లో క్రియను సిలబుల్స్‌గా విడదీయమని క్లాసు పరీక్షలో అడిగారు. రాతలో చివర ఇ, ఎన్, టి ఉంటాయి గానీ నోట పలకరు. వాడు ఒకటే అని రాస్తే సున్నా వేశారు, జవాబు రెండట! చెవికి వినబడనిదాన్ని లెక్కపెట్టడమేమిటి?

గోదారిగట్టు:
విడదీయడమంటే రాత సంగతి. పంక్తి చివర చోటు చాలకపోతే ఆర్ తర్వాత అడ్డగీత పెట్టి, మిగిలిన ఎల్, ఇ, ఎన్, టి కింది పంక్తికి దించుతారు. రెండు హల్లులు పక్కపక్కన పడితే మధ్యలో విరవాలన్నది మామూలు సూత్రమే. మాస్టారిది తప్పు కాదు.

మూడోబెంచీ:
ఆ సూత్రం ఒక్కటే నేర్పితే పిల్లలు 'పార్లెంట్' అని చదువుతారు, చదువుతున్నారు కూడా. నేను, నువ్వు, అతను, వాళ్లు... ఈ నలుగురికీ స్పెల్లింగులు మూడు, వినిపించేది ఒకే 'పార్ల్'. మనం అన్నప్పుడు 'పార్లోఁ', మీరు అన్నప్పుడు 'పార్లే'. నోట రెండు సిలబుల్స్ పలికేది ఆ రెండింటిలోనే.

తులూజ్ తెలుగు:
పారిస్‌లో మింగేసే ఆ చివరి అచ్చును ఇక్కడ దక్షిణాన చాలామంది, ముఖ్యంగా పెద్దవాళ్లు, పలుకుతారు. దాదాపు 'పార్ల' అని వినిపిస్తుంది. అంటే నోట కూడా రెండే. అయితే ఎన్, టి మాత్రం ఇక్కడా ఎవరూ పలకరు.

యతిప్రాస:
టి అసలు పలకరనకండి. ప్రశ్నలో క్రియను సర్వనామానికి ముందు పెడితే 'పార్లతీల్' అవుతుంది. అప్పుడు నిద్రలేచిన టి క్రియను వదిలి తర్వాతి సిలబుల్‌లో చేరుతుంది. ఇక పద్యం లెక్క వేరు. పంక్తికి 12 సిలబుల్స్ ఉండే అలెక్సాండ్రిన్‌లో ఇదే రూపం పంక్తి మధ్య పడితే రెండు, చివర పడితే ఒకటి. 'మనం చదువుతాం' అనే 'ఎత్యుద్యోఁ' మాటల్లో మూడు సిలబుల్సే. పాత పద్యంలో 'ద్యోఁ'ను 'ది-ఓఁ'గా విడదీసి నాలుగు చేస్తారు. మన గణాల్లో ఇన్ని మినహాయింపులు ఉంటే నేను ఎప్పుడో ఛందస్సు మానేసేవాణ్ని.

గోదారిగట్టు:
పద్యం ఇంటర్ పిల్లలకెందుకండీ! మూడోబెంచీ గారూ, ఆ ప్రశ్న ఏ శీర్షిక కింద ఉంది?

మూడోబెంచీ:
ఇప్పుడే పేపరు చూశాను. 'ఉచ్చారణ' అని ఉంది.

గోదారిగట్టు:
అయితే మార్కు ఇవ్వాల్సిందే. మాస్టారిది దక్షిణ ఫ్రాన్సు ఉచ్చారణ అయితే తప్ప.