కార్డిలైన్ ఆకుల కొనలు మాడిపోతున్నాయి, ఏ మందు వాడాలి?

ప్రశ్న, కూకట్‌పల్లి నుంచి:
నమస్కారమండీ. మా బాల్కనీలో పడమటి వైపు కుండీలో ఎర్ర కార్డిలైన్ ఉంది. నర్సరీ నుంచి తెచ్చినప్పుడు ఆకులు ముదురు గులాబీ రంగులో నిగనిగలాడేవి. ఇప్పుడు పాత ఆకుల కొనలు గోధుమ రంగుకు తిరిగి, అంచుల వెంబడి కిందికి ఎండుతూ వస్తున్నాయి. నీళ్లు చాలడం లేదేమోనని రోజూ పోస్తున్నాను, వేపనూనె కూడా పిచికారీ చేశాను. ఏ మందు వాడితే తగ్గుతుందో దయచేసి చెప్పగలరు.

జవాబు:
మందు జోలికి పోయే ముందు, ఎండడం ఆకులో ఎక్కడ మొదలైందో చూడాలండీ. తెగులు మచ్చలైతే ఆకు మీద ఎక్కడపడితే అక్కడ, తరచు పసుపు వలయంతో కనిపిస్తాయి. ఎండ దెబ్బ అయితే సూర్యుడి వైపున్న ఆకుల నడుమ వెలిసిన పట్టీలు పడతాయి. మీరు చెప్పినట్టు కొనలో మొదలై అంచుల వెంట దిగుతోందంటే ముందుగా నీటినే అనుమానించాలి.

కార్డిలైన్‌కు ఫ్లోరైడ్ అసలు పడదు. నీటితోపాటు వేళ్ల నుంచి పైకి చేరిన ఫ్లోరైడ్, ఆకులోని నీరు ఆవిరైపోయిన కొద్దీ కొనలలోను అంచులలోను పేరుకొని అక్కడి కణాలను చంపేస్తుంది. పాత ఆకులు ఎక్కువ కాలం నీటిని లాగాయి గనుక దెబ్బ ముందు వాటిలోనే బయటపడుతుంది. బోరు నీళ్లలోని ఇతర లవణాలు ఎక్కువైనా దాదాపు ఇదే లక్షణం కనిపిస్తుంది. ఇంతకూ మీరు పోస్తున్నవి నల్లా నీళ్లా, బోరు నీళ్లా? కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర ఏమైనా కట్టిందా?

ప్రశ్న అడిగినవారు:
తెల్లటి పొర ఉందండీ, గోరుతో గీస్తే సుద్దలా రాలుతోంది. వంటింట్లోని ఆర్వో యంత్రం నుంచి బయటికి పోయే నీళ్లను వృథా చేయడం ఇష్టం లేక బకెట్లో పట్టి మొక్కలకు పోస్తున్నాము. అవి బోరు నీళ్లే.

జవాబు:
కారణం చాలావరకు అదే అయి ఉంటుంది. ఆర్వో యంత్రం తాగే నీటిలోంచి తీసేసిన లవణాలన్నీ, ఫ్లోరైడ్‌తో సహా, బయటికి వదిలే నీటిలోకే చేరతాయి. అంటే బోరు నీటికన్నా గాఢమైన నీటిని మీ కార్డిలైన్ తాగుతోంది. నీటిని పొదుపు చేయాలన్న మీ ఉద్దేశం మంచిదే, ఆ నీళ్లను నేల కడగడానికి వాడుకోండి. కార్డిలైన్‌కు వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు శ్రేష్ఠం. అవి దొరకనప్పుడు జలమండలి నల్లా నీళ్లు బోరు నీటికన్నా నయం. రాత్రంతా నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ ఫ్లోరైడ్ పోదు. మరిగిస్తే నీరు తగ్గి అది ఇంకా చిక్కనవుతుంది.

ముందుగా ఆ తెల్లటి పొరను పైమట్టితో సహా గీకి తీసేసి, కుండీ పరిమాణానికి రెండు మూడింతల మంచి నీటిని నెమ్మదిగా పోసి, అడుగు రంధ్రం గుండా పూర్తిగా కారిపోనివ్వండి. కింద పళ్లెంలో చేరిన నీటిని పారబోయాలి, లేకపోతే అవే లవణాలు మళ్లీ పైకెక్కుతాయి. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులోను, కుండీ మట్టిలో కలిపే తెల్లటి పెర్లైట్ గుళికలలోను ఫ్లోరైడ్ ఉంటుంది గనుక ఈ మొక్కకు అవి వద్దు. మాడిన కొన మళ్లీ పచ్చబడదు. కొత్తగా విచ్చుకునే ఆకులు శుభ్రంగా వస్తే వైద్యం పట్టినట్టే. వేలిని రెండు కణుపుల లోతున గుచ్చి, పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయండి. వేసవిలో మధ్యాహ్నం రెండు దాటాక పడమటి ఎండ నేరుగా తగలకుండా పచ్చటి నీడ వల కట్టండి. అలాగని పూర్తిగా చీకటి గదిలోకి మార్చితే గులాబీ రంగు పోయి ఆకులు పచ్చగా తిరుగుతాయి.

మరో సభ్యురాలు, సైనిక్‌పురి నుంచి:
మా మొక్కకు కొనలు బాగానే ఉన్నాయి గానీ ఆకులు దుమ్ము పట్టినట్టు వెలవెలబోయి, అడుగున సన్నటి బూజులాంటి దారాలు కనిపిస్తున్నాయి. నర్సరీలో ఇచ్చిన ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టినా తగ్గలేదు.

జవాబు:
అది నల్లి కావచ్చునండీ, మంచాల్లో ఉండే నల్లి కాదు, మొక్కల రసం పీల్చే స్పైడర్ మైట్. ఆకు కింద తెల్ల కాగితం పట్టి తట్టండి. రాలిన నలుసులు పాకుతున్నాయంటే నల్లే. ఈ నల్లి పురుగు కాదు, సాలీడు వర్గానిది. ఇమిడాక్లోప్రిడ్ దానిమీద పనిచేయదు, పైగా నల్లిని తినే మేలు చేసే పురుగులకు హాని చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన నగరంలో గాలి పొడిబారినప్పుడే ఇది విజృంభిస్తుంది. ఆకుల అడుగుభాగాన్ని నీటి ధారతో గట్టిగా కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త కుంకుడు రసం వేసి, సాయంత్రం పూట వారం వారం పిచికారీ చేయండి. గుడ్లకు మందు సరిగా అందదు గనుక ఒక్కసారితో ఆపకూడదు. గంధకం పొడి నల్లికి పనిచేసేదే అయినా మండుటెండల్లో ఆకును మాడ్చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. కాండం మొదలు కూడా నొక్కితే కాస్త మెత్తగా తగులుతోంది. మొక్క పోయినట్టేనా?

జవాబు:
రోజూ నీళ్లు పోయడం వల్ల వేరుకుళ్లు మొదలై ఉండవచ్చు. కుండీలోంచి తీసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న కార్డిలైన్ వేళ్లు తెల్లగా గట్టిగా ఉంటాయి. నర్సరీలలో ఇదే పేరుతో అమ్మే డ్రసీనా వేళ్లు సహజంగానే పసుపు, నారింజ ఛాయలో ఉంటాయి, ఆ రంగు చూసి బెంగపడకండి. పట్టుకోగానే పైపొర ఊడివచ్చే నల్లటి వేళ్లను కత్తిరించి, ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, ముతక ఇసుక కలిపిన కొత్త మట్టిలో నాటండి.

కాండమే కుళ్లి వాసన వస్తుంటే మందులతో కాలయాపన చేయకండి. లోపలి భాగం మచ్చలేకుండా తెల్లగా కనిపించేదాకా, కోతకోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడుస్తూ పైకి కోసుకుంటూ వెళ్లండి. మిగిలిన గట్టి కాండాన్ని నాలుగైదు అంగుళాల ముక్కలుగా చేసి, కోసిన చోట్లు ఆరాక, తడి ఇసుకలో అడ్డంగా సగం మునిగేలా నీడలో ఉంచితే కణుపుల దగ్గర మొలకలు వస్తాయి. ఆకులున్న తలభాగాన్ని విడిగా నాటుకోండి. పాత మట్టిని వేరే కుండీలలో కలపవద్దు.