సమస్య: "నిప్పు లేక యుడికె నిద్రలోన"

సమస్యలసంచి (మోడరేటర్): ఈ వారం పాదం ఇది, దీంతో ముగిసేలా ఆటవెలది పద్యం కట్టాలి. నార్త్ కరోలినాలోని ర్యాలీ ఊళ్లో మా పాట్‌లక్‌లో అందరూ పుల్డ్ పోర్క్ (మెత్తగా ఉడికించి పీచులుగా చీరిన పంది మాంసం) గిన్నె చుట్టూ చేరి వండినావిడని పొగుడుతుంటే "నేనేం చెయ్యలేదండీ, స్లో కుక్కర్‌లో పెట్టి పడుకున్నా" అందావిడ. స్లో కుక్కరంటే సన్నని వేడి మీద గంటలకొద్దీ ఉడికించే కరెంటు గిన్నె. నాకు పాదం దొరికేసింది. మాంసం ముట్టనివాళ్లు వేరే వస్తువు పట్టుకోండి, అభ్యంతరం లేదు.

నైట్‌షిఫ్ట్_నాగమణి:

పంది భుజము మీద పట్టించి కారమ్ము
మూత వేసి స్విచ్చు మునుపె నొక్క,
నెనిమిదైన గంట లెవరు ముట్టకయున్న
నిప్పు లేక యుడికె నిద్రలోన

కారం ఛందస్సు కోసం. నేను పట్టించేది ఉప్పు, బ్రౌన్ షుగర్, పాప్రికా, వెల్లుల్లి పొడి. అడుగున ఉల్లి చక్రాలు, అర కప్పు యాపిల్ సిడార్ వెనిగర్. 4 పౌన్ల ముక్కకి "లో" (తక్కువ వేడి) సెట్టింగ్ మీద 8, 9 గంటలు. పొద్దున డ్యూటీ దిగొచ్చి పెట్టేసి పడుకుంటా, సాయంత్రం లేచి రెండు ఫోర్కులతో చీరేసి ఆ రసంలోనే కలిపి పిల్లలకి బన్నుల్లో పెట్టేసి మళ్లీ డ్యూటీకి.

గురులఘువు: బాగుందమ్మా. కానీ "వేసి స్విచ్చు" దగ్గర ఆగిపోయాను. "స్వి" సంయుక్తం కదా, ముందున్న "సి" గురువైతే హగణం (గురువు తర్వాత లఘువు) గతేంటి? "ఎనిమిదైన"లో ఆ "ఐన" కూడా గణం నింపడానికి తెచ్చుకున్న అద్దె మనిషే.

దాలిగుంట: మాస్టారూ, అవి రెండూ వేరు వేరు పదాలు, సమాసం కాదు. ఊదకుండా తేల్చి పలికితే "సి" లఘువే. వెనకటి ఆవకాయ సమస్యకి తమరు రెండో పాదంలో ఆరో గణం పెట్టినప్పుడు మేం ఇలా ఆగామా, మర్యాదగా దాటుకుని వెళ్లిపోయాం. "ఐన" విషయంలో మాత్రం మీతోనే ఉన్నా. ఇక నాది, పిడకల సెగ మీద పాలు కాగే దాలిగుంట గురించి:

దాలిగుంట పిడక తాపమ్ము చాలును
బామ్మ కునుకు దీయ, బానలోన
పాలు పొంగలేదు, పైకిఁ గన్పడునట్టి
నిప్పు లేక యుడికె నిద్రలోన

నైట్‌షిఫ్ట్_నాగమణి: "పైకిఁ గన్పడునట్టి / నిప్పు లేక" అని విరిచిన తీరు అదిరింది బాబాయ్ గారూ. కాకపోతే పాలు కాగుతాయి గానీ ఉడుకుతాయా?

గురులఘువు: అదే అనబోతున్నా. ఆవకాయ పద్యంలోది టైపింగ్ తప్పు, ఎన్నిసార్లు చెప్పాలి.

పెరటిమందారం: నేను శాకాహారిని, మా ఆయన కాదు.

పక్క యింటి వంట పరిమళమ్మది సోక,
కంచమందు పప్పె కానఁబడగ,
మాట రాదు గాని మగనికి కడుపెల్ల
నిప్పు లేక యుడికె నిద్రలోన

సమస్యలసంచి: అక్కయ్యా, దండం! మేమంతా కుక్కర్ పట్టుకుని కూర్చుంటే మీరు బావగారి కడుపుని ఉడికించేశారు.

షార్లెట్_చిన్నోడు: పద్యం మందారం గారిది బాగుంది, వంట మాత్రం నాగమణి గారిదే. "ఎవరు ముట్టకయున్న" అన్నది గణం కోసం కాదు, అదే అసలు సూత్రం: మూత ఎత్తి చూసిన ప్రతిసారీ 20, 30 నిమిషాలు వెనక్కి పోతుంది. "భుజము" కూడా సరైన మాట, షాపులో లేబుల్ మీద బోస్టన్ బట్ అని ఉన్నా అది భుజమే. కొవ్వు లేదు కదా అని లాయిన్ (వెన్ను మాంసం) తెచ్చుకుంటే కొబ్బరి పీచు తిన్నట్టుంటుంది. 145 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తినడానికి సురక్షితమే, చీలదు. 195 దాటి 205 దాకా పోతే మాంసంలోని గట్టి కొలాజెన్ కరిగి మెత్తని జెలటిన్ అయి ఫోర్కు తగలగానే విడిపోతుంది. ఫ్రీజర్లోంచి తీసిన గడ్డని మాత్రం నేరుగా పెట్టకండి, లోపల వేడెక్కేలోపు బాక్టీరియా పెరుగుతుంది. ఇంకోటి, కెచప్ పొయ్యకండి.

నైట్‌షిఫ్ట్_నాగమణి: నేను పోశానని ఎవరన్నారు తమ్ముడూ? మాది నార్త్ కరోలినా తూర్పు పద్ధతి, వెనిగరూ మిరపా. కెచప్ కలిపేది మీ వైపు లెక్సింగ్టన్ వాళ్లు.

దాలిగుంట: పాలు కాగుతాయన్నారు కదా, ఒప్పుకున్నా. కానీ మీ కుక్కర్ కూడా దాలి బాపతే. దాన్ని కనిపెట్టిన ఇర్వింగ్ నాక్సన్ 1940లో పేటెంటు తీసుకున్నాడు, 1971లో రైవల్ కంపెనీ క్రాక్‌పాట్ అని పేరు పెట్టి అమ్మింది. ఆయనకి ఆ ఆలోచన వచ్చింది వాళ్లమ్మ చెప్పిన చోలెంట్ అనే యూదుల వంటకం కథ విని. యూదులు శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా నిప్పు రాజెయ్యరు. అందుకని లిథువేనియాలో శుక్రవారం పొద్దు గుంకేలోపే చిక్కుళ్లూ మాంసం కుండలో వేసి బేకరీ పొయ్యిలో పెట్టి వచ్చేవాళ్లట, ఆరుతున్న పొయ్యి వేడికే రాత్రంతా ఉడికేది. అలా పుట్టిన గిన్నెలో ఇప్పుడు మనం వాళ్ల మతంలో నిషిద్ధమైన పంది మాంసం వండుతున్నాం!

సమస్యలసంచి: అయ్య బాబోయ్, నా పాదానికి ఇంత కథ ఉందని నాకే తెలీదు. ఇది పద్యంగా రావాలి, ఎవరైనా పట్టండి.

గురులఘువు: నేను రాస్తా. రాత్రికి పెడతా.

దాలిగుంట: రాయండి మాస్టారూ, పాదానికి ఐదు గణాలే.