అప్‌డేట్: గెస్ట్ కర్నెల్ మొదటి ఇన్‌స్ట్రక్షన్‌కే షట్‌డౌన్ అవుతోందన్న సమస్య తీరింది

కేవీఎం (లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే భాగం) మీద సొంతంగా రాసుకున్న చిన్న హైపర్‌వైజర్‌లో (వర్చువల్ మెషీన్ నడిపే ప్రోగ్రామ్) గెస్ట్‌గా, అంటే లోపల నడిచే సిస్టమ్‌గా పెట్టిన నా 64 బిట్ కర్నెల్ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా నడవకుండా షట్‌డౌన్ ఎగ్జిట్ ఇస్తోందని అడిగాను కదా, తప్పు నాదే. సాయం చేసిన వాళ్లందరికీ థ్యాంక్స్.

"రన్ చేసే ముందు పేజ్ టేబుల్ ఎంట్రీలు ప్రింట్ చేసి చూడండి" అన్న సలహాతోనే దొరికింది. పీఎంఎల్4 (అడ్రస్‌లను ఫిజికల్ మెమరీకి మార్చే పేజ్ టేబుల్స్‌లో అన్నిటికన్నా పైది) మొదటి ఎంట్రీలో హెక్స్‌లో 3003 ఉండాలి. నాకేమో 7ఎఫ్‌తో మొదలయ్యే బారెడు నంబర్ కనిపించింది. అంటే గెస్ట్ ఫిజికల్ అడ్రస్ రాయాల్సిన చోట ఎంమ్యాప్ (హోస్ట్ మెషీన్‌లో మెమరీ తీసుకునే కాల్) ఇచ్చిన హోస్ట్ పాయింటర్‌ని దించేశాను! మా లాప్‌టాప్ ప్రాసెసర్‌కి ఫిజికల్ అడ్రస్ 39 బిట్లే, కాబట్టి పై బిట్లు చూడగానే పేజ్ ఫాల్ట్. ఐడీటీ (ఫాల్ట్ వస్తే ఏ కోడ్ నడవాలో చెప్పే టేబుల్) ఇంకా పెట్టలేదు, ఆ ఫాల్ట్ కాస్తా ట్రిపుల్ ఫాల్ట్ అయి షట్‌డౌన్‌కి దారితీసింది.

అది సరిచేశాక కర్నెల్ పై అడ్రస్‌లకు జంప్ చేసేటప్పుడు మళ్లీ పడింది. చివరి 2 జీబీలో లింక్ చేసిన కర్నెల్‌కి పీఎంఎల్4లో 511, దాని కింది టేబుల్‌లో 510 ఎంట్రీలు కావాలి. నేను కింద 511 నింపాను. 510కి మార్చి, 2 ఎంబీ పేజీలతో (ఫ్లాగ్స్ 83) మ్యాప్ చేస్తే సీరియల్‌లో "నమస్తే" వచ్చింది.

బయోస్‌లో ఈపీటీ (గెస్ట్ ఫిజికల్ అడ్రస్‌లను హోస్ట్ మెమరీకి మార్చే రెండో పొర టేబుల్స్) గురించి నేను పడ్డ అనుమానం దండగ. మెమరీ రీజియన్ ఇస్తే ఆ రెండో పొర కేవీఎమ్మే కట్టుకుంటుంది. ఈఫర్ రిజిస్టర్‌లో ఎల్‌ఎంఏ బిట్ (64 బిట్ మోడ్ ఆన్‌లో ఉందని చెప్పేది) కూడా ముందే ఉంది.