"గాలిదయ్యంబులన్": దయ్యం ఒకటా, రెండా?

నిద్రలేమి: ఆ కొత్త హారర్ కామెడీ చూసొచ్చాను. కాలేజీ పిల్లలు, పాడుబడ్డ హాస్టలు, అంత పేరున్న దర్శకుడు. భయమూ వెయ్యలేదు, నవ్వూ రాలేదు. పేరు రాస్తే చర్చంతా దాని మీదికే పోతుంది కాబట్టి రాయను. నా బాధ వేరు. కరెంటు పోగానే ఓ కుర్రాడు మంచం కింద దూరి ఆంజనేయ దండకం అందుకుంటాడు. "గాలీ దెయ్యంబులన్..." అని లీ సాగదీసి ఆగిపోతాడు. తర్వాతి ముక్క వాడికీ రాలేదు, నాకూ రాలేదు. పైగా ఇందులో దయ్యం అచ్చంగా గాలే, ఏసీ గొట్టంలోంచి వస్తుంది. గాలి వేరు, దయ్యం వేరు అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఏది సరి?

ఛందోవ్యసని: "శాకినీ ఢాకినీత్యాదులన్ గాలిదయ్యంబులన్ నీదు వాలంబునం జుట్టి నేలంబడం గొట్టి". అంతా తగణాల నడక, అంటే రెండు బరువైన అక్షరాలు (గురువులు), ఒక తేలికది (లఘువు). "లన్‌గాలి" ఒకటి, "దయ్యంబు" ఒకటి, "లన్‌నీదు" ఒకటి. మీ కుర్రాడు లీ అని దీర్ఘం తీస్తే తగణం కాస్తా మూడూ గురువుల మగణమై కూర్చుంటుంది. హ్రస్వమే. కాబట్టి ఒకటే దయ్యం.

బండిరా: హ్రస్వమైతే ఒకటే ఎలా అవుతుందండీ? "తల్లిదండ్రులు"లో లి హ్రస్వమే, అంతమాత్రాన ఇద్దరూ ఒకరేనా? "పిల్లకు గాలి సోకింది" అంటే పరిగెత్తుకెళ్లి ఫ్యాను కట్టేస్తామా? గాలీ ధూళీ అంటామే, ఆ గాలి ఇది. గాలీ, దయ్యమూ అని రెండూ వేరుగా నిలిచే ద్వంద్వ సమాసం.

ఛందోవ్యసని: "తల్లిదండ్రులు"లో తకారం దకారమైంది. ద్వంద్వమని అదే సాక్ష్యం చెబుతోంది. ఇక్కడేదీ సాక్ష్యం?

బండిరా: దయ్యం పుట్టుకతోనే దకారం. మారడానికి పరుషం (క చ ట త పల్లో ఒకటి) ఉంటేగా! సాక్షి లేడని కేసు కొట్టేస్తారా?

అరసున్న: ముందు అందరూ "దయ్యం" అని రాయండి. దైవానికి వికృతి అది, ఒకప్పుడు దేవుడనే అర్థం. దెయ్యం నోటి మాట.

నిద్రలేమి: గణానికి ఏదైనా ఒకటేగా?

అరసున్న: గణానికి ఒకటే. నాకు కాదు.

పాతపుస్తకం: తోకతో చుట్టి నేలకు కొట్టాలంటే పట్టుకు దొరికేది కావాలి కదా. వీచే గాలిని చుట్టేదెలా? నా ఓటు బండిరా గారికి.

ఛందోవ్యసని: చుట్టేది ఎవరో మరిచారు. గాలిచూలి! తండ్రి సొత్తు కొడుక్కి పట్టుబడదా? గాలిదయ్యాన్ని పట్టడానికి అంతకంటే తగినవాడు ఎవరున్నారు?

పాతపుస్తకం: బాగుంది, కానీ అది మీ చమత్కారం, దండకంలో లేదు. గాలి వంశం అంటే గుర్తొచ్చింది, ఘటోత్కచుడు గాలికి మనవడు. రాక్షసుణ్ణి పెట్టి నవ్వించడమంటే "మాయాబజార్" (1957). పింగళి నాగేంద్రరావు గారు చేసిందేమిటంటే, భయం జోలికే పోలేదు. సంస్కృత ఆలంకారికుడు విశ్వనాథుడు "సాహిత్యదర్పణం"లో హాస్యరసానికి భయానకమూ కరుణమూ విరోధులన్నాడు. పింగళి, కె.వి.రెడ్డి గార్లు భయానకాన్ని పక్కకు నెట్టి అద్భుతాన్ని తెచ్చి కూర్చోబెట్టారు. ఈ సినిమా దర్శకుడు ఓ సీను భయం, ఓ సీను జోకు అని వంతులు వేసుంటాడు. అవునా?

నిద్రలేమి: సరిగ్గా అంతే. దయ్యం తలుపు తోసే ముందు ఒకడు జోకేస్తాడు, తోశాక ఇంకొకడు వేస్తాడు. ఆ "గాలీ" ఒక్కటే నవ్వు తెప్పించింది, అదీ వాళ్లు కావాలని చేసింది కాదు.

బండిరా: పింగళి అంటే నాకు "పాతాళభైరవి" (1951). "సాహసం శాయరా డింభకా!" అక్కడ "సేయరా" అని ఉంటే ఎస్వీ రంగారావు గారి నోట అంత దర్జా పలికేదా?

అరసున్న: దర్జా సంగతి సరే, "శాయడం" పింగళి సొంత సృష్టి అనుకోకండి. పాత దస్తావేజుల్లో దండిగా దొరుకుతుంది. ఆయన దాన్ని మాంత్రికుడి నోట్లో పెట్టాడు, అదీ గొప్ప.

బండిరా: సొంత సృష్టి అని నేనెప్పుడన్నాను?

నిద్రలేమి: అయ్యా, నా గాలి?

ఛందోవ్యసని: తేలిందిగా, ఒకటే.

బండిరా: ఎవరికి తేలింది?

పాతపుస్తకం: ఇంకో సంగతి చూడండి. "ఇత్యాదులన్" అన్నాక జాబితా అయిపోవాలి. మళ్లీ గాలిదయ్యం ఎందుకొచ్చింది? సంస్కృతం పేర్లు ముగిశాయి, ఇంటి పేర్లు మొదలయ్యాయి. మనిళ్లలో ఏదో సోకిందంటే గాలి అంటారు, లేకపోతే దయ్యం అంటారు. ఆ రెండిటినీ కలిపి ఊడ్చేశాడు.

ఛందోవ్యసని: లేదా "ఇత్యాదులు" గణం నింపడానికి వచ్చింది.

పాతపుస్తకం: మీకు నచ్చనిదల్లా గణం నింపడానికే వస్తుంది.

అరసున్న: ఇందాకటి నుంచి చూస్తున్నాను, "నేలంబడం" సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ద్రుతానికి, అంటే చివరి నకారానికి, బిందువు కదా, "నేలఁబడ" అని నా పేరుతో రాస్తే తప్పా?

ఛందోవ్యసని: వ్యాకరణానికి తప్పు కాదు. కానీ లకారం లఘువైపోయి, ఒక గురువు, రెండు లఘువుల భగణం వస్తుంది. పూర్ణబిందువే ఉండాలి.

అరసున్న: ఇక్కడ కూడా నాకు చోటు లేదన్నమాట.