షీల్డింగ్ గ్యాస్‌కు తెలుగు మాట ఏది?

*విజయనగరం నుంచి, అడిగినవారు:*

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మా మేనల్లుడు ఇంటి దగ్గర చిన్న చిన్న గేట్లు, కిటికీ గ్రిల్సు చేసుకుందామని మిగ్ వెల్డింగ్ మిషను (తీగను కరిగించి అతికేది) కొన్నాడు. షాపులో "గ్యాస్ ఏది కావాలి?" అని అడిగితే తెల్లమొహం వేశాడట. "మావయ్యా, నాలాంటివాళ్ల కోసం తెలుగులో ఒక పేజీ రాసిపెట్టు" అన్నాడు. సరేనని కూర్చున్నాను. మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. షీల్డింగ్ గ్యాస్‌ను ఏమనాలి?

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కరిగిన లోహానికి గాలి తగిలితే అందులోని ఆక్సిజన్, నత్రజని లోపలికి చొరబడతాయి. అతుకు చల్లారాక చూస్తే తేనెపట్టులా బెజ్జాలు. అందుకని టార్చి మూతి నుంచే ఒక గ్యాస్ వదిలి, కరిగిన చోటికి గాలి రాకుండా ఆపుతారు. మామూలు రాడ్డు వెల్డింగులో రాడ్డు మీది పూత కాలుతూ ఆ పని చేస్తుంది, సిలిండరుతో పనిలేదు.

నాకు తోచినవి మూడు: రక్షక వాయువు, కవచ వాయువు, జడ వాయువు. మొదటిది వింటే రక్షకభటుడు గుర్తొస్తున్నాడు. మిగతా రెండింటి మీద మీ మాట చెప్పండి.

*నరసన్నపేట నుంచి, రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు:*

జడ వాయువు మాత్రం వద్దండీ, అది తప్పవుతుంది. ఆర్గాన్‌కైతే సరిగ్గా సరిపోతుంది. 1894లో రాలీ, రామ్జేలు దాన్ని కనుక్కున్నప్పుడు పెట్టిన పేరుకు గ్రీకులో అర్థం సోమరి అనే. దేనితోనూ కలవదు, ఉలకదు పలకదు. కానీ ఇళ్లలో మిగ్ మిషను పెట్టుకున్నవాళ్లు చాలామంది వాడేది కార్బన్ డై ఆక్సైడ్. అది జడం కాదు. వెల్డింగు చేసేటప్పుడు వెలిగే ఆర్క్ వేడికి కొంత విడిపోయి కార్బన్ మోనాక్సైడు, ఆక్సిజన్ అవుతుంది. మిగ్‌లో 'ఐ' అంటే ఇనర్ట్, అంటే జడం. ఈ గ్యాస్‌తో చేస్తే నిజానికి మ్యాగ్ అనాలి, అందులో 'ఏ' యాక్టివ్. ఎవరూ అనరనుకోండి.

పాత తెలుగు పుస్తకాల్లో కార్బన్ డై ఆక్సైడ్‌ను బొగ్గుపులుసు గాలి అన్నారు. ఎంత అందమైన మాటో! మన పిల్లలకు చెబితే చింతపండు పులుసేమో అనుకుంటారు.

*రాజాం నుంచి, వర్క్‌షాప్ నడిపే ఆయన:*

మాస్టారూ, మీరు చెప్పిన మాటలు మా షెడ్డులో ఒక్కరూ అనరు. మాకు మూడే పేర్లు: సీఓటూ, ఆర్గాన్, మిక్స్. విజయనగరం సార్, మీ మేనల్లుడికి ఏది కావాలో నేను చెబుతాను, పేరు మీరు పెట్టుకోండి.

మామూలు ఇనుముకు సీఓటూ చాలు. చవక, మందపాటి రేకులో బాగా లోపలికి దిగుతుంది. కాకపోతే రవ్వలు ఎక్కువ ఎగురుతాయి, తర్వాత గ్రైండరు పట్టుకుని కూర్చోవాలి. పల్చటి రేకైతే మిక్స్ మేలు, అంటే 80 వంతులు ఆర్గాన్, 20 వంతులు సీఓటూ. అతుకు నున్నగా వస్తుంది, డబ్బులు ఎక్కువవుతాయి. అల్యూమినియానికి మాత్రం ఉత్త ఆర్గానే, అందులో బేరం లేదు. టంగ్‌స్టన్ మొనతో చేసే టిగ్ వెల్డింగుకు కూడా అంతే. సీఓటూ పెట్టారా, టంగ్‌స్టన్ మొన కాలిపోతుంది. అలాగని ఖరీదైనది కదా మంచిదేమో అని ఇనుము మీద మిగ్‌తో ఉత్త ఆర్గాన్ వాడకండి. ఆర్క్ నిలకడగా ఉండదు, అతుకు అంచుల్లో గాడి పడుతుంది.

గ్యాస్ ఫ్లో నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు. ఫ్యాన్ ఆపాలి. మొదట్లో ఒక కుర్రాడు వేసిన అతుకులన్నీ బెజ్జాలు పడుతుంటే వైరు మార్చాం, సెట్టింగులు మార్చాం, సిలిండరే తేడా అనుకుని ఎవరినో తిట్టాం. చివరికి చూస్తే ఏటి? వెనకాల టేబుల్ ఫ్యాను! అలాగని తలుపులన్నీ మూసుకుని చేయకండి, మనిషికి ఊపిరాడాలి.

ఇంకొకటి. సీఓటూ సిలిండర్లో ద్రవంగా ఉంటుంది. అందుకే గేజీ ముల్లు చివరిదాకా పెద్దగా కదలదు, తర్వాత గబుక్కున పడిపోతుంది. ఎంత మిగిలిందో తూకం వేసే తెలుసుకోవాలి. ఆర్గాన్ అలా కాదు, వాడిన కొద్దీ ముల్లు దిగుతుంది.

*బొబ్బిలి నుంచి, కంసాలి ఇంటి ఆడపడుచు:*

అన్నయ్యగారూ, గాలి తగలకుండా కాపాడడమనేది మా ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పనే. మా తాతగారు నగ అతికేటప్పుడు ముందు వెలిగారం రాసేవారు. అది కరిగి లోహం మీద గాజులా పరుచుకుంటుంది, మురికి కట్టనివ్వదు. మీ గ్యాస్ చేసేదీ అదే కదా.

మాట సంగతికొస్తే, పాత్రలకు చిల్లు పడితే "మాటు వేయించడం" అంటాం. "బిందెలకు మాట్లు వేస్తాం" అని వీధిలో అరుచుకుంటూ వెళ్లేవాళ్లు గుర్తున్నారా? ఇటు అతుకునూ మాటు అంటాం, అటు "చెట్టు మాటున", "తెర మాటున" అన్నప్పుడు అడ్డునూ, చాటునూ మాటు అంటాం. అతుకు వేసేటప్పుడు అడ్డుగా నిలిచే గాలికి "మాటు గాలి" అనకూడదా?

*విజయనగరం నుంచి, అడిగినవారు:*

అమ్మా, ఇది అదిరింది. మా మేనల్లుడికి చదివి వినిపిస్తే "పోలీసులు మాటు వేశారు అన్నట్టుంది మావయ్యా" అని నవ్వాడు. ఫర్వాలేదు, గాలిని పట్టుకోవడానికే కదా కాపు కాసేది. గిడుగువారు పుట్టిన జిల్లా పక్కనే ఉండి కవచ వాయువు అని రాయబుద్ధి కావడం లేదు. మాటు గాలి ఖాయం చేసేస్తున్నాను.

*రాజాం నుంచి:*

ఆగండి సార్! మాటు బాగుంది, గాలి వద్దు. మా దగ్గర గాలి అంటే కంప్రెసర్ గాలి, టైర్లకు కొట్టేది. కొత్త కుర్రాడు మీ పేజీ చదివి కంప్రెసర్ పైపు తగిలిస్తే? అసలు ఏ గాలి రాకూడదని ఇదంతా చేస్తున్నామో దాన్నే పంపినట్టవుతుంది.

*నరసన్నపేట నుంచి:*

నిజమే. బొగ్గుపులుసు గాలి అన్న రోజుల్లో ఊళ్లలో కంప్రెసర్లు లేవు మరి. "మాటు వాయువు" అనొచ్చు గానీ, తెలుగు మాట పక్కన సంస్కృతం మాట నాకెందుకో పంటికింద రాయిలా తగులుతోంది.

*బొబ్బిలి నుంచి:*

అయితే "మాటు గ్యాస్" అనేయండి. వంటగ్యాస్ అనడం లేదూ?

*విజయనగరం నుంచి, అడిగినవారు:*

మాటు గ్యాస్. రాసేశాను. ఇప్పుడు రెండో వాక్యం దగ్గర ఆగాను. 80కి 20 కలిపినదాన్ని ఏమనాలి? మిశ్రమం అంటే మందుల షాపు వాసన వస్తోంది, కలుపు అంటే రైతులు కొడవలి పట్టుకొస్తారు.

*రాజాం నుంచి:*

మిక్స్ అనే రాయండి సార్. షాపులో అడగాల్సింది ఆ మాటే.