సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే లారీ మైలేజ్ నిజంగా పెరుగుతుందా?

పరకాల లారీ ఓనర్:
అన్నలూ, ఒక సందేహం. మాది బీఎస్6 పన్నెండు టైర్ల బండి, 2021 మోడల్. ఇక్కడి మిల్లుల నుంచి వరంగల్, ఖమ్మం మీదుగా కాకినాడకు బియ్యం కొడతాం, వచ్చేటప్పుడు ఏ లోడు దొరికితే అది. మొదట్లో లోడు మీద లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు మూడున్నర వస్తే గొప్ప. సర్వీసుకు తీసుకుపోతే ఇంజిన్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఎక్కిస్తే మైలేజ్ పెరుగుతుంది అన్నారు. బయట ఇంకొకాయన పాతిక వేలిస్తే రీమ్యాప్ చేస్తా, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ లెక్కలు మార్చేస్తా, అర కిలోమీటరు గ్యారంటీ, పొగ శుద్ధికి పోసే యూరియా ఖర్చు కూడా ఉండదు అంటున్నాడు. మా డ్రైవరేమో నడిచే బండిని ఎందుకు గెలుకుడు అంటాడు. అసలే ఈఎంఐ టెన్షన్, ఏది చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జనగామ డ్రైవర్:
మా బండికి చేయించారు. మైలేజ్ సంగతి ఓనర్‌కే తెలియాలి గానీ, ఇదివరకు ఉత్తపుణ్యానికి చెక్ లైట్ వచ్చి బండి గుంజుడు తగ్గిపోయేది, అది మాత్రం పోయింది.

ములుగు రోడ్డు మెకానిక్:
తమ్మీ, పెరుగుతుంది అన్నమాట అబద్ధం కాదు, కానీ నీ బండి బాధ అది కాదేమో అని నా అనుమానం. ముందు ఇది ఎట్లా పనిచేస్తుందో చెప్తా.

పాత పంపు ఇంజిన్లలో డీజిల్ ఎంత పోవాలి, ఎప్పుడు పోవాలి అన్నది పంపు చూసుకునేది, టైమింగ్ మనమే స్పానర్ పట్టుకుని సెట్ చేసేవాళ్లం. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ప్రెషర్‌తో డీజిల్ అందే పద్ధతి) వచ్చాక అదంతా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్ చేతిలోకి పోయింది. ఏ ఆర్‌పీఎంలో, ఎంత లోడులో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఎన్ని డిగ్రీల ముందు తెరవాలి, రైల్‌లో ప్రెషర్ ఎంత ఉండాలి, టర్బో గాలి ఎంత, యూరియా ఎంత చిమ్మాలి, ఇవన్నీ అందులో పట్టికలుగా ఉంటాయి. కొత్త ఇంజిన్ వదిలేటప్పుడు ఏ కంపెనీ అయినా జాగ్రత్త కోసం కొంత ఎడం పెట్టుకుంటుంది, బండ్లు ఎండలో, దుమ్ములో, లోడులో తిరిగాక వచ్చిన డేటా చూసి ఆ పట్టికలు దిద్దుతుంది. అప్‌డేట్ అంటే అంతే.

మైలేజ్ వచ్చేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి ఇంజెక్షన్ టైమింగ్. దాన్ని కొంచెం ముందుకు జరిపితే అదే డీజిల్‌తో ఎక్కువ పని జరుగుతుంది, కానీ లోపల వేడి పెరిగి నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల) పొగ ఎక్కువవుతుంది, దాన్ని సైలెన్సర్‌లో యూరియా చంపాలి. అంటే డీజిల్ తగ్గించే అప్‌డేట్ యూరియాను కొంచెం ఎక్కువ తాగించవచ్చు. వంద లీటర్ల డీజిల్‌కు నాలుగైదు లీటర్ల యూరియా మామూలు. రెండింటి బిల్లులూ కలిపి లెక్క చూడకుండా మిగిలిందని సంబరపడొద్దు.

రెండోది రీజెన్, అంటే చేరిన మసిని కాల్చుకోవడం. పొగలో మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌లో మసి ఎంత చేరిందో ఈసీయూ అంచనా వేసి, నిండిందనుకుంటే అదనంగా డీజిల్ పోసి, ఆరు వందల డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాలుస్తుంది. ఆ డీజిల్‌తో బండి ఒక్క గజం కూడా కదలదు. అంచనా మరీ భయం భయంగా ఉంటే అవసరం లేకున్నా కాలుస్తూ ఉంటుంది, అప్‌డేట్‌లో దాన్ని సరిచేస్తారు. నన్నడిగితే జనానికి కనబడే లాభంలో ఎక్కువ భాగం ఇక్కడిదే.

ఇప్పుడు నీ లెక్క. అప్‌డేట్‌తో రెండు శాతం పెరిగిందే అనుకో. నెలకు 6,000 కిలోమీటర్లు, లీటరుకు 4 చొప్పున 1,500 లీటర్లు, అందులో రెండు శాతం 30 లీటర్లు. లీటరు 95 రూపాయలు వేసుకున్నా 2,850. ఉచితంగా చేస్తే వదులుకోవద్దు. కానీ నాలుగు నుంచి మూడున్నరకు పడిందంటే నీకు పోయింది 12 శాతం పైన. సాఫ్ట్‌వేర్ అరిగిపోయేది కాదు కదా తమ్మీ, బండి కొన్నప్పుడు నాలుగు ఇచ్చింది కూడా ఆ సాఫ్ట్‌వేరే. కాబట్టి ఏదో వస్తువు చెడింది, దాన్ని వదిలేసి అప్‌డేట్ చేయించడమంటే కాలిలో ముల్లు ఉంచుకుని చెప్పులు మార్చడమే. ఇంజెక్టర్లు ఏమైనా మార్పించావా? రీజెన్ లైట్ ఎంత తొందరగా వస్తోంది? లైన్లో ఆగినప్పుడు ఇంజిన్ బంద్ చేస్తారా?

పరకాల లారీ ఓనర్:
అన్నా, వానాకాలంలో రెండు ఇంజెక్టర్లు పోతే బయటే మార్పించాం. రీజెన్ లైట్ ఇప్పుడు తరచుగా వస్తోంది, మొదట్లో ఇట్లా లేదు. లైన్ల సంగతి అడగొద్దు, మిల్లు దగ్గర, పోర్టు దగ్గర గంటలకు గంటలు, ఏసీ కోసం ఇంజిన్ బంద్ చేయడు. టైర్ల గాలి, ఎయిర్ ఫిల్టర్ చూపించా, బాగానే ఉన్నాయి.

ములుగు రోడ్డు మెకానిక్:
దొరికింది. ఇంజెక్టర్ నెత్తి మీద అక్షరాలు, అంకెలు కలిపి ఒక కోడ్ చెక్కి ఉంటుంది, చూశావా? ఏ రెండు ఇంజెక్టర్లూ అచ్చం ఒకేలా తయారవవు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఆ తేడా ఎంతో ఈసీయూకు చెప్పేదే ఆ కోడ్. కొత్తది బిగించాక స్కానర్ పెట్టి దాని కోడ్‌ను ఆ సిలిండర్‌కు ఎక్కించాలి. బయట చాలామంది బిగించి, స్టార్ట్ అయింది కదా అని పంపేస్తారు. అప్పుడు ఈసీయూ పాత ఇంజెక్టర్ లెక్కనే కొత్తదానికి వాడుతుంది, ఒక సిలిండర్‌లో డీజిల్ ఎక్కువ పడుతుంది, ఇంకోదాంట్లో తక్కువ, దాంతో మసి, మసితో డీపీఎఫ్ నిండుడు, నిండితే మళ్లీ రీజెన్.

దాని మీద లైన్లో ఇంజిన్ ఆన్ పెట్టి ఉంచడం ఒకటి. గంటకు లీటరు పైనే పోతుంది, పైగా సైలెన్సర్ చల్లగా ఉండి మసి కాలదు. రీజెన్ మధ్యలో డ్రైవర్ తాళం తిప్పేస్తే సగంలో ఆగి మళ్లీ మొదటికొస్తుంది, ఆ డీజిల్ దండగ. డ్రైవర్‌ను తిట్టకు, ఎండలో ఆ క్యాబిన్‌లో కూర్చుంటే తెలుస్తుంది.

ముందు కోడ్లు ఎక్కించు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాల క్లిప్పుల దగ్గర ఆయిల్ తడి, దుమ్ము అంటుకుని నల్లగా ఉందేమో చూడు, అక్కడ గాలి లీకైతే కూడా ఇంజిన్ ఊరికే డీజిల్ తాగుతుంది. సర్వీసులో ఒకసారి నిలబెట్టి రీజెన్ చేయించు. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్.

హుజూరాబాద్ టిప్పర్:
ఇంత పురాణం ఎందుకన్నా, మేము రీమ్యాప్ చేయించి యూరియా బంద్ పెట్టినం, బండి గుంజుడు చూడాలి మీరు.

హనుమకొండ ట్రాన్స్‌పోర్ట్:
గుంజుతుంది భాయ్, ఎవరు కాదన్నారు. టైమింగ్ ముందుకు తోసి నాక్స్‌ను గాలికి వదిలేస్తే మైలేజ్ వస్తుంది, ఇది కొత్త విద్యేం కాదు. అమెరికాలో పెద్ద పెద్ద కంపెనీలే చేశాయి, టెస్టులో పద్ధతిగా ఉండి హైవే ఎక్కగానే టైమింగ్ మార్చేసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. 1998లో కేటర్‌పిల్లర్, కమిన్స్, డెట్రాయిట్ డీజిల్, వోల్వో, మాక్, రెనో, నావిస్టార్, ఏడూ అక్కడి ప్రభుత్వంతో వంద కోట్ల డాలర్ల ఒప్పందానికి రావాల్సి వచ్చింది. వాళ్లకే తప్పలేదు, టిప్పర్ ఓనర్‌కు తప్పుతుందా? మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019 సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పు చేయిస్తే ఓనర్‌కు ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, రెండూ గానీ. వారంటీ ఉంటే అదీ పోతుంది, రేపు ఇంజిన్ పడుకుంటే ఆ పాతిక వేలు తీసుకున్నాయన ఫోన్ ఎత్తడు.

గీసుకొండ మినీ లారీ:
పనిలో పని, పొలం యూరియా నీళ్లలో కలిపి పోస్తే నడుస్తదా?

ములుగు రోడ్డు మెకానిక్:
నడవదు. ట్యాంకులో పోసేది శుద్ధమైన నీళ్లలో కలిపిన 32.5 శాతం ద్రావణం. పొలం యూరియాకు 2015 నుంచి మొత్తం వేప నూనె పూతే, ఆ నూనె, ఆ మడ్డి నాజిల్‌లో, కెటలిస్ట్‌లో కూర్చుంటాయి. పైగా సబ్సిడీ యూరియా వేరే పనికి వాడడం నేరం. బకెట్‌కు ఎంత మిగులుతుందని?

పరకాల లారీ ఓనర్:
రీమ్యాప్ మాట ఇక ఎత్తను. కోడ్లు ఎక్కించాక అప్‌డేట్ కూడా చేయిస్తా. అక్కడ ఏం చూసుకోవాలన్నా?

ములుగు రోడ్డు మెకానిక్:
బ్యాటరీలు బాగుండాలి, లేదా చార్జర్ పెట్టి చేయమను. సాఫ్ట్‌వేర్ ఎక్కుతుండగా కరెంటు పడిపోతే ఈసీయూ అక్కడికక్కడే చచ్చిపోవచ్చు. చేయకముందు వెర్షన్ నంబర్, చేశాక వెర్షన్ నంబర్, రెండూ జాబ్ కార్డులో రాయించు, కొందరు ఫాల్ట్ కోడ్లు చెరిపేసి అప్‌డేట్ అయింది పో అంటారు. కొన్ని బండ్లలో డ్యాష్‌బోర్డు మీద లోడును బట్టి మార్చుకునే లైట్, మీడియం, హెవీ అని స్విచ్ ఉంటుంది, అది నీ బండికి ఉంటే ఖాళీగా వచ్చేటప్పుడు కూడా హెవీలోనే నడుపుతున్నాడేమో కనుక్కో, దానికి పైసా ఖర్చు లేదు.

చేశాక మొదటి ట్రిప్పు మైలేజ్ నమ్మకు, ఈసీయూ నేర్చుకున్న లెక్కలు చెరిగి మళ్లీ కుదురుకోవాలి. తర్వాత నుంచి డిస్‌ప్లే కాదు, ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ చూడు, అదే పంపులో, నాజిల్ మొదటిసారి కట్ అయ్యేదాకానే, పైన కుక్కించొద్దు. వేబ్రిడ్జి చీటీలు దాచు, 20 టన్నుల ట్రిప్పునూ 25 టన్నుల ట్రిప్పునూ పక్కపక్కన పెట్టి సాఫ్ట్‌వేర్‌ను తిట్టడమో పొగడడమో చేయకు. స్కానర్ పెట్టినప్పుడు వచ్చిన కోడ్లు ఫొటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.