క్యాంప్ బ్యాడ్జి: ప్రతిసారీ కొత్తదా, ఉన్నదాన్నే పొడిగించాలా?

లెడ్‌బరీ_గుడారం:
హ్యాకర్లు, ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవాళ్లు గుడారాలేసుకుని కలిసే క్యాంపుల్లో, వచ్చినవాళ్లకు పేరు బ్యాడ్జిగా ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఇస్తారు కదా. ఇంగ్లండ్‌లో రెండేళ్లకోసారి జరిగే ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్ క్యాంప్‌లో 2024లో అలా వచ్చిన టిల్డగాన్ బ్యాడ్జి గురించి వినే ఉంటారు. ఆరు పలకల బోర్డు, మధ్యలో గుండ్రటి తెర, లోపల ఈఎస్‌పీ32-ఎస్3 అనే కంట్రోలర్ చిప్. ఆరు అంచుల్లోనూ స్లాట్లు ఉంటాయి. సొంతంగా చేసుకున్న చిన్న బోర్డును (హెక్స్‌పాన్షన్ అంటారు) అందులో దోపుకోవచ్చు. దీన్ని ఒక్క వారాంతానికి కాకుండా వరసగా కొన్ని క్యాంపులకు పనికొచ్చేలా డిజైన్ చేశారు. తెర, బటన్లు ఉన్న పై బోర్డును మాత్రం తర్వాత మార్చుకోవచ్చు. ప్రతి క్యాంపూ ఇదే దారికి రావాలంటాను. నాలుగు రోజులు మెడలో మెరిసి ఆ తర్వాత సొరుగులోకి పోయే లిథియం బ్యాటరీలు ఇక చాలు.

రేడియో_రాజ్యం:
చెత్త తగ్గాలంటే ఒప్పుకుంటా గురూ. కానీ జర్మనీలో నాలుగేళ్లకోసారి జరిగే కేయాస్ కమ్యూనికేషన్ క్యాంప్ వాళ్లు మీ మాట విని ఉంటే, 2011 నాటి తమ ‘రాకెట్’ బ్యాడ్జి బోర్డుకే అతుకులు వేసుకుంటూ కూర్చునేవాళ్లు. 2015లో వాళ్లు హ్యాక్‌ఆర్‌ఎఫ్ అనే రేడియో పరికరం డిజైన్ ఆధారంగా సాఫ్ట్‌వేర్ రేడియోనే (సిగ్నల్ పనంతా కోడ్‌తో చేసే రేడియో) బ్యాడ్జిగా ఇచ్చారు. అలాంటిది కొనాలంటే జేబు తడుముకునే కుర్రాళ్ల మెడలోకి కూడా అది వచ్చి పడింది. 2019 నాటి కార్డ్10 చేతికి కట్టుకునేది, ఈసీజీ తీస్తుంది. 2023 నాటి ఫ్లోవర్ పువ్వు ఆకారంలో ఉన్న సంగీత వాయిద్యం. వీటిలో ఏది మీ స్లాట్‌లో దూరుతుంది? ఈసీజీ ఒంటికి తగలాలి, వాయిద్యానికి రేకులుండాలి. అక్కడ ఆకారమే ఆలోచన.

కోఠి_గల్లీ:
ఇద్దరూ బోర్డు గొప్పల దగ్గరే ఉన్నారు. కాలేజీ క్లబ్బు పిల్లలతో చిన్న క్యాంపుకు బ్యాడ్జీలు చేయించినవాడిగా చెప్తున్నా, టెన్షన్ అంతా వేరేచోట ఉంటుంది. బోర్డు మెడలో ఊగుతూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ వైరు సరిగ్గా సోల్డర్ దగ్గరే తెగుతుంది. ఎవడో ఒకడు ప్లస్, మైనస్ తిప్పి పెడతాడు. ఒక్కోదానికీ ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించి, తెర వెలిగిందా, బటన్ పనిచేసిందా అని చూడాలి. క్యాంప్ ముందురోజు రాత్రంతా ఇదే పని. కొత్త డిజైన్ అంటే ఈ తంతు మళ్లీ మొదటి నుంచి. పాత బోర్డైతే కనీసం దాని జబ్బులు తెలిసినవి. 2021లోలాగా చిప్‌లే దొరక్కపోతే ఏం చేస్తారు?

రేడియో_రాజ్యం:
ఆ తంతే కదండీ వలంటీర్లకు చదువు! పాత బోర్డునే పొడిగిస్తూ పోతే మొదటి టీమ్ నేర్చుకుంటుంది, తర్వాత వచ్చినవాళ్లకు మిగిలేది రిపేర్లే.

పైథాన్_పిన్ని:
మీ అందరి వాదనా సగమే అనిపిస్తోంది. నెదర్లాండ్స్‌లో జరిగిన షా2017 క్యాంప్ బ్యాడ్జి చూడండి. ఈఎస్‌పీ32, ఈ-ఇంక్ తెర, మైక్రోపైథాన్ (చిన్న చిప్‌ల కోసం చేసిన పైథాన్ భాష). ఛార్జింగ్ అయిపోయినా తెర మీద పేరు అలాగే ఉంటుంది, పేరు చూపించే వస్తువుకు అంతకంటే ఏం కావాలి! కానీ దాంట్లో నాకు నచ్చింది బోర్డు కాదు, హ్యాచరీ. ఎవరు రాసిన ఆప్ అయినా అక్కడ పెట్టొచ్చు, మిగతావాళ్లు నేరుగా బ్యాడ్జిలోకి దింపుకోవచ్చు. 2022లో అదే దేశంలో ఎంసీహెచ్ క్యాంప్ నాటికి బోర్డు పూర్తిగా మారిపోయింది, ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్) కూడా ఎక్కింది. ఆప్‌లు పంచుకునే పద్ధతి మాత్రం కొనసాగింది.

బోర్డు కొత్తదైనా పాతదైనా నేను చూసేది ఒకటే. క్యాంప్ నుంచి ఇంటికెళ్లి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే, అంతగా కోడింగ్ రానివాళ్లు కూడా అప్పటికప్పుడు ఒక ఎల్‌ఈడీ రంగు మార్చుకోగలగాలి. ముందు టూల్‌చెయిన్ (కోడ్‌ను బోర్డుకు పనికొచ్చేలా తయారుచేసే సాఫ్ట్‌వేర్ల సెట్) ఇన్‌స్టాల్ చేసుకోమన్నారంటే చాలామంది అక్కడే వదిలేస్తారు. ఎంత మంచి బోర్డైనా సొరుగులోకే.

లెడ్‌బరీ_గుడారం:
పిన్నిగారూ, టిల్డగాన్ కూడా మైక్రోపైథాన్ మీదే నడుస్తుంది. హెక్స్‌పాన్షన్ మీద చిన్న ఈఈప్రామ్ (మెమరీ చిప్) పెడితే దాని ఆప్ అందులోనే ఉంచొచ్చు. దోపగానే బ్యాడ్జి చదువుకుని నడుపుతుంది.

రేడియో గారు చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకోవాలి. నాలుగేళ్ల వ్యవధి ఉంటే కొత్తది చేయడం సబబే, అప్పటికి చిప్‌లు ఎటూ మారిపోతాయి. రెండేళ్లకోసారి చేసేవాళ్ల విషయంలో మాత్రం నా మాట నాదే.

కొత్త_సోల్డర్:
మధ్యలో దూరుతున్నా, సారీ. ఆ హెక్స్‌పాన్షన్ చేయాలంటే కనెక్టర్ విడిగా కొనాలా అన్నా?

లెడ్‌బరీ_గుడారం:
అక్కర్లేదు తమ్ముడూ. నీ బోర్డు అంచు మీద ఉండే రాగి పట్టీలే కనెక్టర్. ఆర్డర్ పెట్టేటప్పుడు మందం 1 మి.మీ. అని మార్చు. మామూలుగా వచ్చే 1.6 ఆ స్లాట్‌లో పట్టదు.